డూ యూ డ్రింక్ అని అడిగితే మా అమ్మ యెస్ అంది. ఎక్కడ తప్పు జరిగింది?

ప్రశ్న: రెండోకూతురు

మా అమ్మకి 68 ఏళ్లు. పోయిన నెల గుండె పరీక్షకి తీసుకెళ్లాను. డాక్టరు చూసే ముందు ఒక నర్సు అమ్మని కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు అడిగి రాసుకుంది, అంతా ఇంగ్లిష్‌లోనే. ఆ పది నిమిషాలూ నేను బిల్లు కట్టే లైన్లో ఉన్నాను. అమ్మకి ఇంగ్లిష్ బాగానే అర్థమవుతుంది, చిన్న చిన్న మాటలు మాట్లాడుతుంది కూడా.

"డూ యూ డ్రింక్?" అని అడిగారట. అమ్మ "యెస్, డైలీ" అంది. ఎంత అంటే "ఫోర్ ఆర్ ఫైవ్ గ్లాసెస్" అంది. ఆవిడ చెప్పింది మంచినీళ్ల సంగతి. వేరే డాక్టరు ఒకాయన రోజూ నీళ్లు ఎక్కువ తాగమని చెప్పి ఉండటంతో దాని గురించే అడుగుతున్నారనుకుంది.

లోపలికి వెళ్లాక డాక్టరు ఫైలు చూసి, ఈ వయసులో మద్యం అంత మంచిది కాదమ్మా, మెల్లగా తగ్గించండి అన్నారు. నేను వెంటనే అడ్డుపడి చెప్పాను. ఆయన సరే సరే అన్నారు గానీ ఫైల్లో రాసింది మాత్రం మార్చలేదు. అమ్మ అక్కడ ఒక్క మాటా అనలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగా తినలేదు. "నేను తాగుతానని రాసి పెట్టారే" అని ఒకటే మాట.

నాకు మూడు సందేహాలు. ఏం తాగుతారో అడగకుండా వట్టి డ్రింక్ అంటే మద్యమే అని ఎలా అనుకుంటారు? ఇంకోసారి ఎవరైనా అలా అడిగితే అమ్మ ఏమని జవాబు చెప్పాలి? మూడోది, ఫైలు సరిచేయమని ఉత్తరం రాద్దామనుకున్నాను. "మై మదర్ హాజ్ నెవర్ డ్రాంక్ ఆల్కహాల్" అని రాస్తే నా స్నేహితురాలు అది తప్పు, డ్రంక్ అని ఉండాలంది. డ్రంక్ అంటే మత్తులో ఉన్న మనిషి కదా! మా అమ్మ పేరు పక్కన ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: దుబాసీ

అమ్మా, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆవిడ తప్పేమీ మాట్లాడలేదు. అడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పారు. అడిగినవాళ్లే సగం ప్రశ్న మింగేసి అడిగారు.

నేను 14 ఏళ్లుగా ఆసుపత్రుల్లో ఇంటర్‌ప్రిటర్‌ని. డాక్టరు ఇంగ్లిష్‌లో అన్నది రోగికి తెలుగులో చెప్పడం, రోగి అన్నది డాక్టరుకి ఇంగ్లిష్‌లో చెప్పడం నా పని. పెద్ద పెద్ద జబ్బుల పేర్ల దగ్గర నేనెప్పుడూ తడబడలేదు, వాటికి ఒక్కటే అర్థం ఉంటుంది. డ్రింక్ లాంటి చిన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. ఏం అడుగుతున్నారో నాకు నేను తేల్చుకున్నాకే నోరు తెరుస్తాను.

మీ మొదటి సందేహానికి వస్తాను. డ్రింక్ తర్వాత ఏమిటో చెబితే (వాటర్, మిల్క్, జ్యూస్) ఏ గొడవా లేదు. ఆ ఏమిటో అన్నది తీసేసి, అలవాటు గురించి మాట్లాడితే ఇంగ్లిష్ చెవి ఆ ఖాళీలో మద్యాన్ని పెట్టుకుంటుంది. "హి డ్రింక్స్" అంటే అతనికి తాగుడు అలవాటుందని. "ఐ డోంట్ డ్రింక్" అంటే నేను మద్యం ముట్టనని. ఇది ఇంగ్లిష్‌కే ఉన్న వింత కాదు, తెలుగు కూడా ఇదే పని చేస్తుంది. "వాళ్లాయన తాగుతాడు" అంటే ఏం తాగుతాడని ఎవరూ అడగరు కదా. తాగుడు, తాగుబోతు, తాగొచ్చాడు, ఈ మాటల్లో ఎక్కడా మద్యం పేరు లేదు, అయినా అందరికీ తెలుసు. తెలుగులో ఆ వాడుక మనకి పుట్టినప్పటి నుంచీ చెవిలో పడుతూ వచ్చింది. నేర్చుకున్న భాషలో అలా కాదు. డ్రింక్ అంటే తాగడం అని పుస్తకం చెబుతుంది, వట్టి డ్రింక్ అంటే ఏమిటో చెప్పదు. మీ అమ్మగారు పుస్తకం చెప్పినంత వరకూ సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

అలాగని ప్రతిచోటా వట్టి డ్రింక్ అంటే మద్యం అనుకున్నా ప్రమాదమే. ఇది నేను కళ్లారా చూశాను. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు ఒకాయన్ని "హావ్ యూ హాడ్ ఎనీథింగ్ టు డ్రింక్?" అని అడిగారు. ఆయనకి కాస్త ఇంగ్లిష్ వచ్చు. నేను తెలుగులో చెప్పేలోపే కొంచెం నొచ్చుకుని "నో, నో, ఐ డోంట్ డ్రింక్" అన్నారు. అది సరైన జవాబులాగే వినిపించింది, డాక్టరు తల ఊపి రాసుకోబోయారు. నాకు మనసొప్పక "బాబాయ్ గారూ, పొద్దున లేచాక నీళ్లుగానీ పాలుగానీ ఏమైనా తాగారా?" అని మళ్లీ అడిగాను. గ్లాసుడు పాలు తాగారట, గంట కూడా కాలేదు. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిపారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే మామూలుగా పెద్దవాళ్లని తిండి 6 గంటల ముందు, మంచినీళ్లలాంటివి 2 గంటల ముందు ఆపేయమంటారు. పాలని వాళ్లు తిండి లెక్కలోనే వేస్తారు. ఆ గదిలో డ్రింక్ అంటే గొంతు దిగే ద్రవం ఏదైనా సరే. అదే ప్రశ్న రోడ్డు మీద పోలీసు అడిగితే మద్యం. వాక్యం ఒక్కటే, అడిగే మనిషి మారాడు, అర్థం మారిపోయింది.

పసిపిల్లల దగ్గర ఇంకోలా ఉంటుంది. "ఈజ్ హి డ్రింకింగ్?" అని పిల్లల డాక్టరు అడిగితే నీళ్లు, పాలు లోపలికి వెళ్తున్నాయా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పసిపిల్లల విషయంలో చెప్పే ప్రమాద లక్షణాల్లో తాగలేకపోవడం, అంటే తల్లిపాలు కూడా పట్టలేకపోవడం ఒకటి. అక్కడ "నాట్ ఏబుల్ టు డ్రింక్" అన్న మాట వినబడితే అందరూ పరుగెత్తుతారు. అదే ఒక పెద్ద మనిషి గురించి "ఈజ్ హి డ్రింకింగ్ అగైన్?" అంటే మానేసిన తాగుడు మళ్లీ మొదలుపెట్టాడా అని. కొత్తగా చేరిన ఇంటర్‌ప్రిటర్లకి నేను ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తాను.

అడగడం తెలిసినవాళ్లు ఎలా అడుగుతారో కూడా చెబుతాను. మద్యం అలవాటు గురించి తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే 10 ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో మొదటి ప్రశ్న డూ యూ డ్రింక్ కాదు. "హౌ ఆఫెన్ డూ యూ హావ్ ఎ డ్రింక్ కంటెయినింగ్ ఆల్కహాల్?" ఆల్కహాల్ ఉన్న డ్రింక్ అని విడమరిచి అడుగుతారు. మీ అమ్మగారిని ఇలా అడిగి ఉంటే ఆవిడ వెంటనే నో అనేవారు, మీ ఇంట్లో ఆ రెండు రోజుల బాధ ఉండేది కాదు.

గ్లాసుల లెక్క సంగతి కూడా. ఇలాంటి ఫారాల్లో వారానికి ఎన్ని డ్రింక్స్ అని అడుగుతారు. అక్కడ డ్రింక్ అంటే గ్లాసు కాదు, ఒక కొలత. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. ఆస్ట్రేలియాలో 10 గ్రాములు. బ్రిటన్‌లో యూనిట్ అంటారు, అది 8 గ్రాములు. మీ అమ్మగారు ఫోర్ ఆర్ ఫైవ్ అనగానే రాసుకున్నవాళ్లకి రోజుకి నాలుగైదు కొలతల మద్యం అని అర్థమై ఉంటుంది. గుండె డాక్టరుకి అది చాలా పెద్ద లెక్క, ఆయన కంగారుపడటంలో ఆశ్చర్యం లేదు. ఆయన మందులు రాసేటప్పుడు కూడా ఆ లెక్క చూసే రాస్తారు. అందుకే ఇది పోనీలే అని వదిలేయకండి, ఫైలు తప్పకుండా సరిచేయించండి.

రెండో సందేహం. ఎవరు డూ యూ డ్రింక్ అన్నా, అమ్మగారిని ఎదురు ప్రశ్న వేయమనండి: "డ్రింక్ వాట్?" అది అమర్యాద కాదు. నర్సులు అసలు తప్పు పట్టరు, విడమరిచి చెబుతారు. లేదా మొత్తం వాక్యం ఒక్కటి నేర్పండి: "ఐ డోంట్ డ్రింక్ ఆల్కహాల్." చివరి మాట పడిపోకుండా చూసుకుంటే చాలు. డ్రాంక్, డ్రంక్ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

జవాబు: అచ్చుతప్పు

పుస్తకాల ప్రూఫులు చూడటం నా పని, మూడో సందేహానికి నేను చెబుతాను. మీ స్నేహితురాలు చెప్పిందే ఇప్పటి ఒప్పు. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. సింగ్, సాంగ్, సంగ్ లాగే. స్విమ్, స్వామ్, స్వమ్ లాగే. హాజ్ లేదా హావ్ పక్కన వచ్చేది మూడోది. "షి డ్రాంక్ వాటర్", "షి హాజ్ డ్రంక్ వాటర్." పాత ఇంగ్లిష్‌లో కూడా డ్రింకన్, డ్రాంక్, డ్రుంకెన్ అని అచ్చులే మారుతూ వచ్చాయి, వెయ్యేళ్లకు పైగా ఉన్న పద్ధతి ఇది.

కానీ మీ చెయ్యి ఆగడం వట్టి భయం కాదు. డ్రంక్ అన్న రూపం మీద మత్తు వాసన పడిందనే, 17, 18 శతాబ్దాల్లో చాలామంది "హావ్ డ్రాంక్" అని రాసేవాళ్లని నిఘంటుకారులు అంటారు. మీకు కలిగిన ఇబ్బందే ఆనాడు ఆ భాషలో పుట్టినవాళ్లకీ కలిగిందన్నమాట. అంతకుముందు డ్రంకెన్ అనే పొడుగు రూపాన్ని మత్తుతో సంబంధం లేకుండా కూడా వాడేవాళ్లు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, విలాపవాక్యములు 5:4లో, "వి హావ్ డ్రంకెన్ అవర్ వాటర్ ఫర్ మనీ" అని ఉంది. నీళ్లు కొనుక్కుని తాగాల్సి వచ్చిన జనం ఏడుపు అది. ఇవాళ్టి పాఠకుడికి డ్రంకెన్ పక్కన వాటర్ చూస్తే ఆశ్చర్యం. అప్పట్లో దాన్ని వట్టి తాగిన అన్న అర్థంలో కూడా వాడేవాళ్లు.

మరి ఈ రెండూ ఎలా విడదీసుకోవాలి? ముందున్న చిన్న మాట చూడండి. హాజ్ ఉంటే తాగింది అని, ఈజ్ ఉంటే తాగి ఉంది అని. హాజ్ డ్రంక్ వాటర్, ఈజ్ డ్రంక్. తెలుగులో "తాగాడు"కీ "తాగి ఉన్నాడు"కీ ఉన్నంత దూరం ఉంది వీటి మధ్య. నామవాచకం ముందు విశేషణంగా పెట్టాలంటే ఎక్కువగా డ్రంకెన్ వాడతారు. డ్రంక్ డ్రైవర్ లాంటివి మాత్రం అలాగే స్థిరపడిపోయాయి. ఆ నేరాన్ని అమెరికన్లు డ్రంక్ డ్రైవింగ్ అంటే బ్రిటిష్‌వాళ్లు డ్రింక్ డ్రైవింగ్ అంటారు. డ్రంక్ అండ్ డ్రైవ్ అని మనం అలవాటుగా అనేది మాత్రం ఇంగ్లిష్ వ్యాకరణానికి పొసగదు. ఉత్తరంలో ఆ జోలికి వెళ్లరు కాబట్టి వదిలేద్దాం.

ఇంకొక్కటి, నాకు ఇష్టమైన సంగతి కనక చెప్పకుండా ఉండలేను. డ్రంకర్డ్ చివర ఉన్న ఆ అర్డ్ తోక కవర్డ్‌లో, అంటే పిరికివాడు అనే మాటలో కూడా ఉంది. రెండూ మనిషిని తక్కువ చేసే మాటలే. తెలుగులో తాగుబోతు, పిరికిపోతు చూడండి, ఇక్కడా తోక ఒక్కటే.

జవాబు: పశువుల డాక్టరు

చర్చ చదువుతుంటే మా పనిలోని మాట ఒకటి గుర్తొచ్చింది. గొర్రెలకి నట్టల మందు పట్టించడాన్ని మేము డ్రెంచ్ చేయడం అంటాం. బయట అందరికీ డ్రెంచ్ అంటే వానలో తడిసి ముద్దవడం. చదువుకునే రోజుల్లో ఈ రెండిటికీ పొత్తు ఏమిటా అని వెతికితే తేలింది, డ్రెంచ్ అసలు అర్థం తాగించడమే! తాగు నుంచి తాగించు, తాపు వచ్చినట్టు డ్రింక్ నుంచి డ్రెంచ్ వచ్చింది. మనుషుల విషయంలో ఆ అర్థం పోయింది, పశువుల దగ్గర మిగిలింది. తాపేటప్పుడు గొర్రె తల మరీ పైకెత్తకూడదు, మందు శ్వాసనాళంలోకి పోతుంది.

దుబాసీ గారూ, మందు అన్న మాట గురించి మీరు చెబుతారనుకున్నాను. అది ఇంకా పెద్ద చిక్కు కదా?

జవాబు: దుబాసీ

నిజమే డాక్టరు గారూ, అది రాయాల్సింది. తెలుగులో మందు అంటే ఔషధం, మందు అంటే మద్యం కూడా. "మందు తాగాడు" అన్నది దగ్గు సిరప్ గురించి కావచ్చు, సీసా గురించి కావచ్చు. ఇంగ్లిష్‌లో ఔషధానికి డ్రింక్ వాడరు, టేక్ అంటారు. బిళ్ల అయినా సిరప్ అయినా టేక్ మెడిసిన్. పొద్దున మందు తాగానని రోగి చెబితే నేను ముందు ఏ మందు అని అడిగి తెలుసుకుంటాను, తర్వాతే ఇంగ్లిష్‌లో చెబుతాను. ఆ ఒక్క ప్రశ్నకి పట్టేది రెండు సెకన్లు. సిగ్గుపడి అడక్కపోతే ఏమవుతుందో పైన చూశాం.

పొగ సంగతి కూడా అంతే. తెలుగులో సిగరెట్ తాగుతాం, ఇంగ్లిష్‌లో స్మోక్ చేస్తారు. అయితే 1600 ప్రాంతంలో పొగాకు వాళ్లకి కొత్తగా వచ్చినప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు కూడా డ్రింక్ టొబాకో అనేవాళ్లు. కొత్త అలవాటుకి కొత్త మాట దొరికేదాకా పాత మాటతోనే సరిపెట్టుకున్నారు. తర్వాత వాళ్లకి స్మోక్ స్థిరపడింది, మనం తాగడంతోనే ఉండిపోయాం. "మీకు తాగే అలవాటు ఉందా" అని తెలుగులో అడిగితే సిగరెట్టా మద్యమా అని తిరిగి అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లది చాలా మంచి పద్ధతి.

రెండోకూతురు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. దుబాసీ గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. "సగం ప్రశ్న మింగేశారు" అన్న చోట మళ్లీ చదవమంది. పాలు తాగినాయన కథ విని చాలాసేపు ఆలోచించింది.

ఉత్తరం ఇలా రాశాను, చూసి చెప్పండి. "మై మదర్ హాజ్ నెవర్ డ్రంక్ ఆల్కహాల్. వెన్ షి సెడ్ ఫోర్ ఆర్ ఫైవ్ గ్లాసెస్, షి వాజ్ టాకింగ్ అబౌట్ వాటర్. ప్లీజ్ కరెక్ట్ దిస్ ఇన్ హర్ ఫైల్." వ్యాకరణం సరైనదని ఇప్పుడు తెలుసు, అయినా ఆ డ్రంక్ కంట్లో గుచ్చుకుంటూనే ఉంది.

దుబాసీ

తప్పేమీ లేదు, అలాగే ఇచ్చినా సరిపోతుంది. కంట్లో గుచ్చుకుంటే మాత్రం ఎందుకు ఉంచుకోవాలి? "మై మదర్ డజ్ నాట్ డ్రింక్ ఆల్కహాల్, అండ్ నెవర్ హాజ్." నెవర్ హాజ్ తర్వాత రావాల్సిన డ్రంక్‌ని ఇంగ్లిష్‌వాళ్లే రాయకుండా వదిలేస్తారు, అది పూర్తిగా ఒప్పు వాక్యం. మిగతా రెండు వాక్యాలూ బాగున్నాయి, మార్చకండి. తేదీ వేయండి, ప్రశ్నలు ఏ రోజు అడిగారో కూడా రాయండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, అందినట్టు దాని మీద సంతకం అడగండి. వచ్చేసారి వెళ్లినప్పుడు, సరిచేశారా అని డాక్టరు గదిలోనే నోరు తెరిచి అడగండి, అమ్మగారి ఎదురుగానే.

రెండోకూతురు

ఇవాళ ఇచ్చి వచ్చాను. మీరు రాసిన వాక్యమే పెట్టాను. ఫైల్లో చేరుస్తామన్నారు, కాపీ మీద సంతకం కూడా చేశారు. మళ్లీ వెళ్లేది మూడు వారాల తర్వాత. అమ్మ "ఐ డోంట్ డ్రింక్ ఆల్కహాల్" అని తెలుగు అక్షరాల్లో చిన్న కాగితం మీద రాసుకుని కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది. దాని కింద ఇంకో లైను కూడా రాసింది: "డ్రింక్ వాట్?"